ముక్కు దిబ్బడ, తల తిప్పు, గుండె దడ: మూడింటికీ ముడి ఎక్కడ?

పొద్దున్నే ముఖం కడుక్కుందామని వంగుతారు. బుగ్గ ఎముకల వెనక బరువేదో ముందుకి జారినట్టు ఉంటుంది, కనుబొమల మధ్య ఎవరో బొటనవేలితో నొక్కి పెట్టినట్టు ఉంటుంది. తల ఎత్తగానే గది ఒక్క క్షణం పక్కకి ఒరుగుతుంది, చెయ్యి దానంతటదే వెళ్లి గోడ పట్టుకుంటుంది. ఆ వెంటనే గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది, అరచేతులు చల్లబడతాయి, 'ఇది సైనస్ ఒక్కటే కాదు, లోపల ఇంకేదో ఉంది' అన్న ఆలోచన వచ్చి కూర్చుంటుంది. ఇక ఆ రోజంతా ధ్యాస తల మీదే.

ఈ వరుస నాకు బాగా తెలుసు, దాదాపు మూడేళ్లు దీంతోనే బతికాను. ముక్కు చూసినవాళ్లు సైనస్ అన్నారు, బీపీ, షుగర్ చూసినవాళ్లు అన్నీ నార్మల్ అన్నారు, ఇంకొకరు టెన్షన్ తగ్గించుకోమని పంపేశారు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కానీ ఆ మూడు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేక, నేను 'ఇది సైనసా, మనసా' అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. పొరపాటు ఆ ప్రశ్నలోనే ఉంది. ఒకటి కారణం, మిగతావి దాని ఫలితం అని అది ముందే తీర్మానం చేసేస్తోంది. చాలామందిలో ఈ మూడూ అలా వరుసగా నిలబడవు. సైనస్ నేరుగా తల తిప్పేది తక్కువ, మధ్యలో చెవి, మైగ్రేన్, నిద్ర, మందులు, భయం చేసే పని ఎక్కువ.

తల తిరగడం, కళ్లు తిరగడం, దిమ్ము: మూడూ ఒకటి కాదు

మన భాషలో దీనికి మాటలకి కొదవ లేదు. 'కళ్లు తిరిగి పడిపోయాడు' అంటే స్పృహ తప్పబోవడం. 'తల గిర్రున తిరుగుతోంది' అంటే కదలకుండా కూర్చున్నా గది తిరుగుతున్నట్టో, మనమే తిరుగుతున్నట్టో అనిపించడం, డాక్టర్లు వెర్టిగో అనేది దీన్నే. 'తూలుతున్నా' అంటే కూర్చుంటే బాగానే ఉండి, నడిచేటప్పుడు అడుగు కుదరకపోవడం. ఇక 'తలంతా దిమ్ముగా ఉంది' అనేది అన్నిటికంటే ఇబ్బందిపెట్టే మాట, ఎందుకంటే తలలో దూది కుక్కినట్టు ఉండటం, పడవలో నిలబడ్డట్టు ఊగడం, ఆలోచన మందగించడం అన్నీ అందులోనే ఇమిడిపోతాయి.

అయితే ఈ మాటల మీదే పూర్తిగా ఆధారపడటానికి లేదు. ఒకే మనిషిని కాసేపటి తర్వాత మళ్లీ అడిగితే చాలాసార్లు వేరే మాట చెప్తారు. అందుకే ఇప్పుడు తలతిప్పుని పరీక్షించేవాళ్లు 'ఎలా ఉంది' కంటే 'ఎంతసేపు ఉంది, ఏం చేస్తే వచ్చింది' అన్న రెండు ప్రశ్నలకి ఎక్కువ విలువ ఇస్తున్నారు. పక్క మీద పక్కకి దొర్లితే కొన్ని సెకన్లు తిరిగి ఆగిపోవడం ఒక రకం. 5 నిమిషాల నుంచి 3 రోజుల దాకా ఎంతసేపైనా ఉండి తగ్గడం ఇంకో రకం. 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా తిరుగుతూ, ఒక చెవిలో హోరు, బరువు, వినికిడి తగ్గడం తోడైతే అది మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు వైపు చూపిస్తుంది. నెలల తరబడి దాదాపు రోజూ ఊగుతున్నట్టు ఉండటం పూర్తిగా వేరే కథ. ఈ కాలం లెక్క గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయేది తేలిగ్గా అర్థమవుతుంది.

సైనస్ అంటే జబ్బు పేరు కాదు

'నాకు సైనస్ ఉంది' అంటాం కానీ సైనస్ అందరికీ ఉంటుంది. ముఖం ఎముకల్లో గాలి నిండిన నాలుగు జతల గదులవి: బుగ్గల్లో, నుదుటిలో, రెండు కళ్ల మధ్య, ముక్కుకి బాగా వెనక లోపల. వాటి లోపలి పొర వాచి, దారులు మూసుకుపోతే సైనసైటిస్. అది 12 వారాలు, అంతకంటే ఎక్కువ కాలం ఉంటే దీర్ఘకాలికం అంటారు.

దీర్ఘకాలిక సైనసైటిస్ అని తేల్చడానికి నాలుగు ప్రధాన లక్షణాలు చూస్తారు. ముక్కు దిబ్బడ, ముక్కులోంచి గానీ గొంతు వెనక్కి గానీ చీమిడి కారడం, ముఖంలో నొప్పి లేదా బరువు, వాసన తెలియకపోవడం. వీటిలో కనీసం రెండు ఉండాలి, ఆ రెండిట్లో ఒకటి దిబ్బడో, కారడమో అయ్యుండాలి. దానికి తోడు ముక్కులోకి కెమెరా పెట్టి చూసినప్పుడో, సీటీ స్కాన్‌లోనో వాపు, చీము, ముక్కులో కండ పెరిగింది అంటారే ఆ పాలిప్స్, ఏదో ఒక ఆధారం కనిపించాలి.

ఆ నాలుగింటిలో తల తిరగడం లేదు, గమనించారా? ముఖం నొప్పి ఒక్కటే ఉండి దిబ్బడ, కారడం రెండూ లేకపోతే అది సైనసైటిస్ కిందికే రాదు. అలాగని వైద్యశాస్త్రం తలతిప్పుని పూర్తిగా పక్కన పెట్టేసిందనీ కాదు. సైనస్ రోగి ఎంత బాధపడుతున్నాడో కొలవడానికి వాడే స్నాట్-22 అనే 22 ప్రశ్నల పత్రంలో చెవి దిబ్బడ, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు కూడా ఉన్నాయి. అంటే జబ్బు ఉందా లేదా అని తేల్చేటప్పుడు ఇవి లెక్కలోకి రావు, జబ్బుతో బతుకు ఎలా ఉందని అడిగేటప్పుడు వస్తాయి. ఈ వ్యాసంలో ఉన్న గందరగోళమంతా ఈ రెండు లెక్కల మధ్య ఖాళీలో పుట్టిందే.

స్కాన్ రిపోర్టు గురించి కూడా ఒక మాట. 'మ్యూకోసల్ థికెనింగ్' అని రాసి ఉంటే గుండె జారిపోతుంది, లోపలి పొర కాస్త మందమైందని దాని అర్థం. ఏ బాధా లేనివాళ్లకి వేరే దేనికోసమో తల స్కాన్ తీసినా చాలామందిలో ఇది కనిపిస్తుంది. మామూలు జలుబు చేసినా కొన్నాళ్లు కనిపిస్తుంది. కాబట్టి స్కాన్‌లో మందం ఉంది, తల తిరుగుతోంది అన్నంత మాత్రాన దానివల్లే ఇది అని ముడి వేయలేం.

ముక్కు నుంచి చెవికి ఉన్న దారి

మన తూకం చూసుకునే పరికరం సైనస్ గదుల్లో లేదు, లోపలి చెవిలో ఉంది. అక్కడ మూడు అర్ధవృత్తాకార గొట్టాలు తల తిరిగే వేగాన్ని, రెండు చిన్న సంచులు వంపునీ కదలికనీ పసిగడతాయి. ఆ కబురు, కళ్లు ఇచ్చే కబురు, పాదాల్లోంచీ మెడలోంచీ వచ్చే కబురు మూడూ మెదడు కాండంలో కలుస్తాయి. మూడూ ఒకే మాట చెప్తే మనకి ఏమీ తెలియదు. ఒకటి తేడాగా చెప్తే తల తిరుగుతుంది.

మరి ముక్కుకీ చెవికీ సంబంధం లేదా అంటే ఉంది. ముక్కు వెనక భాగాన్నీ మధ్య చెవినీ కలుపుతూ సుమారు మూడున్నర సెంటీమీటర్ల గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్. మింగినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని చెవిలో గాలి ఒత్తిడిని బయటి గాలితో సమానం చేస్తుంది, 'టప్' మని చిన్న చప్పుడు వినిపించేది అప్పుడే. ముక్కు లోపల వాపు ఈ గొట్టం మూతిదాకా పాకితే అది సరిగ్గా తెరుచుకోదు, లోపల ఉన్న గాలిని చెవి పొర నెమ్మదిగా పీల్చేసుకుంటుంది, కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. అప్పుడు చెవి దిబ్బడ, మన గొంతే మనకి డబ్బాలోంచి వినిపించినట్టు ఉండటం, తల బరువు.

ఇక్కడే డాక్టర్లలో రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు ఈ ఒత్తిడి తేడా లోపలి చెవిని కూడా కదిలిస్తుంది కాబట్టి సైనస్ వాళ్లలో దిమ్ముకి ఇదే కారణమని అంటారు. విమానం దిగేటప్పుడో, నీళ్లలో లోతుకి వెళ్లి పైకి వచ్చేటప్పుడో రెండు చెవుల ఒత్తిడి ఒక్కసారిగా తేడా వస్తే తల తిరగడం నిజంగానే జరుగుతుంది, దాన్ని ఆధారంగా చూపిస్తారు. రెండోవైపు వాళ్లు, అది హఠాత్తుగా వచ్చే పెద్ద తేడా, కాసేపట్లో పోతుంది, జలుబు దిబ్బడలో ఉండే చిన్న తేడాతో గది గిర్రున తిరగదు, అలా తిరుగుతుంటే వేరే కారణం వెతకాలి అంటారు. సైనస్ సర్జరీ తర్వాత ముక్కుతో పాటు చెవి బాధలు కూడా తగ్గినట్టు చూపిన అధ్యయనాలున్నాయి, కాబట్టి మొదటి వాళ్ల మాట కొట్టిపారేయలేం. నాకు అనిపించేదేమిటంటే ఇద్దరూ వేర్వేరు తలతిప్పుల గురించి మాట్లాడుతున్నారు. దిమ్ము, బరువు, చెవి దిబ్బడ వరకూ ముక్కు వాటా ఉండొచ్చు, గిర్రున తిరగడానికి మాత్రం ముక్కుని నిందించే ముందు చెవినీ మైగ్రేన్‌నీ చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకావిడకి ఏడాదిగా ముక్కు దిబ్బడ ఉంది, స్కాన్‌లో సైనసైటిస్ తేలింది. ఈ మధ్య పడుకుని కుడివైపు దొర్లినా, పై అరలో డబ్బా అందుకోవడానికి తల ఎత్తినా 20 సెకన్లు గది తిరుగుతోంది, ఆగిపోతోంది. సైనస్ ముదిరిందనుకుని యాంటీబయాటిక్ రెండు కోర్సులు వాడింది, తగ్గలేదు. ఆవిడ చెప్పినదాంట్లో కీలకం 20 సెకన్లు, తల కదలిక. లోపలి చెవిలో ఉండే కాల్షియం రేణువులు వాటి చోటు నుంచి జారి గొట్టంలోకి పడితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. బీపీపీవీ అంటారు, తలతిప్పుకి ఉన్న అతి మామూలు కారణాల్లో ఇదొకటి. బల్ల మీద కూర్చోబెట్టి తల పక్కకి తిప్పి వెనక్కి పడుకోబెట్టి కళ్ల కదలిక చూస్తే తెలిసిపోతుంది, తలని ఒక క్రమంలో తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండు సార్లలోనే తగ్గుతుంది. ఆవిడ సైనసైటిస్ అబద్ధం కాదు, తల తిప్పు కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే తలలో ఉన్నాయి, అంతే. వంగితే సైనస్ బరువు పెరుగుతుంది, వంగితే బీపీపీవీ కూడా లేస్తుంది, అందుకే రెండూ ఒకటే అనిపించింది.

'సైనస్ తలనొప్పి' అనే పేరు వెనక దాక్కున్న మైగ్రేన్

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మైగ్రేన్‌కి మనం పెట్టుకున్న పేరు పార్శ్వపు నొప్పి. ఆ పేరే సగం తప్పుదోవ పట్టిస్తుంది. ఒక పక్క కణత పగిలిపోవాలి, వాంతి కావాలి, అప్పుడే మైగ్రేన్ అనుకుంటాం. రెండు బుగ్గల్లో, నుదుటి మీద, కళ్ల వెనక బరువుగా వచ్చి, ముక్కు బిగుసుకుని, కళ్లలో నీళ్లు తిరిగితే అది మైగ్రేన్ అని తట్టనే తట్టదు. కానీ ముఖానికీ సైనస్ పొరలకీ స్పర్శ ఇచ్చే నరం, మైగ్రేన్‌లో రేగే నరం రెండూ ఒకటే, ట్రైజెమినల్ నరం. అది రేగినప్పుడు ప్రతిచర్యగా ముక్కు లోపలి రక్తనాళాలు ఉబ్బుతాయి, ముక్కు కారుతుంది. ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండానే. వాతావరణం మారితే వస్తోంది కాబట్టి సైనసే అనుకుంటాం, వాతావరణం మార్పు మైగ్రేన్‌నీ రేపుతుంది.

2004లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 'మాకు సైనస్ తలనొప్పి' అని తామే అనుకున్న, లేదా డాక్టర్ అలా చెప్పిన 2,991 మందిని పరీక్షించారు. అంతకుముందు మైగ్రేన్ అని ఎవరూ చెప్పనివాళ్లే వీళ్లంతా. వాళ్లలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహాకి సరిపోయాయి. దీన్ని జాగ్రత్తగా చదవాలి. సైనసైటిస్ ఉన్నవాళ్లలో 88 శాతానికి అసలు సైనసైటిస్ లేదని దీని అర్థం కాదు. మాటిమాటికీ తలనొప్పి వచ్చి, దానికి సైనస్ పేరు తగిలించుకున్నవాళ్ల సంగతి ఇది. అయినా చిన్న విషయం కాదు.

తల తిప్పుకీ దీనికీ సంబంధం ఇప్పుడు చూద్దాం. మైగ్రేన్‌లో ఒక రకం తలనొప్పి కంటే తూకం మీదే ఎక్కువ దెబ్బ కొడుతుంది, వెస్టిబ్యులర్ మైగ్రేన్ అంటారు. తూకం జబ్బుల మీద పనిచేసే బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పుల సంఘం కలిసి 2012లో దీనికి లక్షణాల పట్టిక ఇచ్చాయి. కనీసం అయిదు సార్లు, ఒక్కోసారి 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా తల తిప్పు రావాలి, మైగ్రేన్ చరిత్ర ఉండాలి, వాటిలో కనీసం సగం సార్లు ఒకవైపు కొట్టుకునే నొప్పో, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడమో, కళ్ల ముందు మెరుపులో ఉండాలి. తల తిరిగిన ప్రతిసారీ తలనొప్పి రావాలనేం లేదు. అందుకే చాలామంది ఈ రెండింటినీ కలిపి చూడరు.

అనుకుందాం, ఒకాయన రెండు వారాలు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. సోమవారం: నిద్ర నాలుగు గంటలే, మధ్యాహ్నం బుగ్గల్లో బరువు, ముక్కు బిగింపు, సాయంత్రం దాకా పడవలో ఉన్నట్టు ఊపు, ట్యూబ్‌లైట్ చూడలేకపోయాను. బుధవారం: ఏమీ లేదు, ముక్కు మామూలుగానే దిబ్బడ. శనివారం: భోజనం ఆలస్యం, మళ్లీ బరువు, ఊపు, వంటింట్లో గిన్నె కింద పడితే ఆ చప్పుడు తలలో గుచ్చుకుంది. చీమిడి పలచగా, నీళ్లలా ఉంది, చిక్కగా పచ్చగా లేదు. ఈ రాతలో ముక్కు రోజూ దిబ్బడగానే ఉంది, తల తిప్పు మాత్రం నిద్రతో, తిండి వేళతో, వెలుతురుతో, చప్పుడుతో కదులుతోంది. తల తిప్పుకి కారణం రోజూ ఉండే దిబ్బడే అయితే బుధవారం ఎందుకు రాలేదు? ఇలాంటి ప్రశ్నకి స్కాన్ జవాబు చెప్పదు, ఆ చిన్న పుస్తకం చెప్తుంది.

ఆందోళన ముందా, తల తిప్పు ముందా

'అంతా మీ భ్రమ' అన్న మాట విన్నవాళ్లకి ఆందోళన అన్న పదమే కోపం తెప్పిస్తుంది, ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆందోళన అంటే భ్రమ కాదు. తూకం కబుర్లు అందుకునే మెదడు భాగానికీ, భయాన్ని పుట్టించే అమిగ్డలాకీ మధ్య నరాల దారులున్నాయి. పడిపోబోతున్నామని శరీరానికి అనిపిస్తే భయం పుట్టాలి, చెయ్యి గోడ పట్టుకోవాలి, గుండె వేగం పెరగాలి. బతకడానికి పనికొచ్చే ఏర్పాటు అది. నేల కదులుతున్నట్టు ఉన్నప్పుడు భయం వేయకపోతేనే వింత.

రెండో దిక్కు నుంచి కూడా నడుస్తుంది. గాబరా పుడితే ఊపిరి వేగంగా, లోతుగా తీస్తాం, మనకి తెలియకుండానే. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో మెదడు రక్తనాళాలు కాస్త సన్నబడతాయి, తల తేలిపోతున్నట్టు ఉంటుంది, పెదాల చుట్టూ, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి చూసి ఇంకా భయం, భయంతో ఇంకా వేగంగా ఊపిరి. ముక్కు దిబ్బడ ఉన్న మనిషికి అసలే గాలి చాలడం లేదన్న భావన ఉంటుంది, నోటితో పెద్ద పెద్ద ఊపిరులు తీస్తూ ఉంటే ఈ చక్రంలో పడటం ఇంకా తేలిక. గాబరా పోటు (పానిక్ అటాక్) సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి వెళ్లి ఆ తర్వాత దిగుతుంది, ఆ సమయం లెక్క ఇక్కడ కూడా పనికొస్తుంది.

మూడోది ఇంకా సూక్ష్మం. ఏదో ఒక కారణంతో, చెవి ఇన్ఫెక్షనో, బీపీపీవీనో, గట్టి గాబరా పోటో, ఒకసారి తల గట్టిగా తిరుగుతుంది. ఆ కారణం తగ్గిపోతుంది. కానీ మెదడు కాపలా దించదు. మెడ బిగబట్టి నడవడం, ప్రతి అడుగూ చూసుకుని వేయడం, చెవి కంటే కళ్ల కబురునే ఎక్కువ నమ్మడం అలవాటైపోతుంది. దాంతో నిలబడితే ఊపు, నడిస్తే ఊపు, వరుసగా సరుకులు పేర్చిన అరల మధ్య నడిస్తే, ఫోన్‌లో వేళ్లతో తెర జరుపుతుంటే ఇంకా ఎక్కువ ఊపు. మూడు నెలలు, అంతకంటే ఎక్కువ, దాదాపు ప్రతిరోజూ ఇలా ఉంటే దాన్ని పీపీపీడీ అంటారు. లక్షణాల పట్టిక 2017లో బరానీ సొసైటీ నుంచే వచ్చింది. స్కాన్‌లో ఏమీ కనిపించదు, ఎందుకంటే పరికరం పాడవలేదు, దాన్ని వాడే తీరు మారింది. ముందు నుంచే కంగారు స్వభావం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ వచ్చే అవకాశం ఉంది, అలాగని ఇదీ ఆందోళన జబ్బూ ఒకటి కాదు. దీనికి తూకం వ్యాయామాలు, ఆలోచనల మీద పనిచేసే థెరపీ, కొందరికి డిప్రెషన్‌కి వాడే తరగతి మందులు వాడతారు. సైనస్ మందులతో మాత్రం ఇది కదలదు.

పెద్ద లెక్కలు ఏం చెప్తున్నాయి, ఏం చెప్పడం లేదు

దీర్ఘకాలిక సైనసైటిస్‌కీ మనసుకీ సంబంధం ఉందా అని దక్షిణ కొరియాలో పెద్ద ఎత్తున చూశారు. 2019లో వచ్చిన ఆ అధ్యయనంలో సైనసైటిస్ ఉన్న 16 వేల మందికి పైగా, లేని 32 వేల మందికి పైగా ఏళ్ల తరబడి ఏమైందో రికార్డుల్లో పోల్చారు. సైనసైటిస్ ఉన్నవాళ్లలో తర్వాత డిప్రెషన్, ఆందోళన జబ్బులు తేలడం సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది.

ఒకటిన్నర రెట్లు అంటే ఏంటో ఒక ఊహా లెక్కతో చూద్దాం. సైనసైటిస్ లేని వంద మందిలో ఆరుగురికి ఆందోళన జబ్బు వస్తుందనుకుంటే, ఉన్న వంద మందిలో తొమ్మిది మందికి వస్తుంది. ముగ్గురు ఎక్కువ. తొంభై ఒక్క మందికి రాలేదు. సంబంధం నిజమే, కానీ సైనస్ ఉంటే మనసు చెదిరి తీరుతుందని ఇది చెప్పడం లేదు.

ఈ ముగ్గురు ఎందుకు ఎక్కువ అన్న దగ్గర వాదనలు మొదలవుతాయి. ఒంట్లో దీర్ఘకాలం ఉండే వాపు తాలూకు రసాయనాలు మెదడు మీద కూడా ప్రభావం చూపిస్తాయని ఒక వాదం. అంత దూరం పోనక్కర్లేదు, రాత్రి ముక్కు బిగిసి నిద్ర లేకపోతే ఎవరికైనా మనసు చెదురుతుంది అని ఇంకో వాదం, నేను దీని వైపే ఎక్కువ మొగ్గుతాను. మాటిమాటికీ డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లకి ఇంకో జబ్బు కూడా తేలే అవకాశం ఎక్కువ కదా, అది లెక్కని పెంచి చూపిస్తుందని మూడో వాదం. దీనికి తోడు ఒక విషయం చాలాసార్లు బయటపడింది: స్కాన్‌లో కనిపించే తీవ్రతకీ, స్నాట్-22లో రోగి చెప్పే బాధకీ పెద్దగా పొంతన ఉండదు, ఆందోళన, దిగులు ఉన్నవాళ్లు స్కాన్ ఒకేలా ఉన్నా ఎక్కువ బాధ చెప్తారు. దీన్ని 'ఎక్కువ చేసి చెప్తున్నారు' అని చదవడం అన్యాయం. అలసిన మనిషికి అదే బరువు ఎక్కువ బరువు.

మందుల వాటా

దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. ముక్కు దిబ్బడ తీసే మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ గుండె దడ, వణుకు, నిద్రలేమి తేగలదు. ఆందోళన అంటే కూడా ఇవే కదా. పాత తరం అలర్జీ మాత్రలు, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, మత్తూ దిమ్మూ ఇస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు కొందరిలో మనసుని ఉద్రేకపెడతాయి, నిద్ర చెడగొడతాయి. అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్ మీద మానసిక దుష్ప్రభావాల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో తన అతి గట్టి హెచ్చరిక పెట్టించింది. దిబ్బడ వెంటనే తీసే ముక్కు చుక్కలు (జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్) కొద్ది రోజులకి మించి వాడితే అవే మళ్లీ దిబ్బడ తెస్తాయి, మానలేని స్థితి వస్తుంది. ఇక తల తిప్పుకి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజిన్ లాంటి మందులు నెలల తరబడి వాడితే మెదడు తూకాన్ని తిరిగి నేర్చుకోవడాన్ని అవే మందగింపజేస్తాయి. ఈ మందులు చెడ్డవని కాదు, ఎవరికి వాళ్లు ఆపేయాలనీ కాదు. లక్షణం ఎప్పుడు మొదలైంది, మందు ఎప్పుడు మొదలైంది అన్న రెండు తేదీలు పక్కపక్కన పెట్టి డాక్టర్ చేత చూపించుకుంటే కొందరి విషయంలో సగం చిక్కు అక్కడే తెలిసిపోతుంది.

ఈ చర్చలోకి రాని కొన్ని లక్షణాలు

తల తిప్పుతో పాటు మాట తడబడటం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ముఖం గానీ చెయ్యీ కాలూ గానీ ఒకవైపు చచ్చుబడటం, నిలబడలేకపోవడం ఉంటే, హఠాత్తుగా ఒక చెవి వినపడకపోతే, సైనస్ ఉన్నవాళ్లకి కన్ను చుట్టూ వాచినా, చూపు తగ్గినా, జ్వరంతో మెడ బిగుసుకుని తీవ్రమైన తలనొప్పి వచ్చినా అవి వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి. పైన చెప్పిన వాదనలేవీ వీటికి వర్తించవు.

ఒక ముడి ఎలా విడిందంటే

మొదట చెప్పిన నా సంగతికి వస్తాను. ఉప్పునీళ్లతో ముక్కు కడగడం, రోజూ స్టెరాయిడ్ స్ప్రే, ఇవి మొదలుపెట్టిన ఆరేడు వారాలకి వాసన తిరిగొచ్చింది. ఒక రోజు గ్లాసు నోటి దగ్గర పెట్టుకోకముందే కాఫీ వాసన తగిలింది, ఎన్నాళ్లయిందో అనుకున్నాను. కానీ తల ఊపు అలాగే ఉంది. అప్పట్లో చాలా నిరాశపడ్డాను, నిజానికి అదే మంచి ఆధారం: ముక్కు బాగుపడినా ఊపు తగ్గలేదంటే ఊపుకి వేరే మూలం ఉంది. తర్వాత చూసిన డాక్టర్ నా రాతలు చదివి, వెలుతురూ చప్పుడూ పడని రోజులకీ ఊపు వచ్చిన రోజులకీ గీత కలిపారు. మైగ్రేన్‌కి మందు మొదలైంది, నిద్ర వేళలు మారాయి, గంటల తరబడి ఉండే పోట్లు నెలకి ఆరేడు నుంచి ఒకటికి వచ్చాయి.

అయినా కొంత మిగిలింది. నిలబడితే సన్నగా ఊగడం, జనంలో నడుస్తుంటే మెడ బిగుసుకోవడం. దానికి ఇచ్చిన వ్యాయామాలు చూడ్డానికి చాలా చిన్నవి, చెయ్యి చాచి బొటనవేలి గోరు మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పడం, పాదం ముందు పాదం పెట్టి నడవడం. మొదటి వారం బాధ పెరిగింది, పెరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి ఆపలేదు. నాలుగో నెలలో ఎప్పుడో ఊపు లేని రోజులు ఎక్కువయ్యాయి. దిబ్బడ ఇప్పటికీ చలికాలంలో వస్తుంది, బుగ్గల్లో బరువు కూడా వస్తుంది. వచ్చినప్పుడు ముక్కు కడుక్కుంటాను, గోడ పట్టుకోవాల్సిన అవసరం మాత్రం రావడం లేదు.